ఆకాశరామన్న యుత్తరములు

ఆకాశరామన్న యను పేరు వినని తెలుగువారుండరు. ఊరు పేరు లేక, సంతకము లేక, తపాలలో వచ్చిపడెడి యుత్తరమునకు మన పెద్దలు పెట్టిన పేరది. ఆడపిల్లకు సంబంధము కుదురుచున్నదని నలుగురికి తెలిసిన వారము దినములలోనే వరునివారి యింటికి కన్యను గూర్చి యిట్టి యుత్తరమొకటి వచ్చుటయు, దానిని చదివిన పెద్దలు మఱుమాటాడక సంబంధము విడుచుకొనుటయు, కారణమేమో యా పిల్ల తండ్రికి ఎన్నటికిని తెలియకుండుటయు మనలో పెక్కు కుటుంబములవారెఱిగిన సంగతియే. ఆ రామన్నయే మఱియొకచోట కరణము వ్రాసిన దొంగలెక్కలను గూర్చి కలెక్టరునకు తెలిపి పేదరైతు భూమిని నిలిపియుండును. అతనిని తిట్టినవారును కలరు. అతనికి మనసులో దండము పెట్టుకొన్నవారును కలరు.

రాజ్యపాలనను గూర్చియు, సంఘాచారములను గూర్చియు సామాన్యుడు తనకు తోచినది నలుగురి యెదుట చెప్పుట యిప్పుడు మనకు గాలి పీల్చినంత సహజముగా కన్పట్టుచున్నది. అట్లు చెప్పువారిలో పలువురు తమ పేరు చెప్పరు. పేరు చెప్పనివాని మాట విననే కూడదనువారు కొందఱు. పేరు చెప్పుమని నిర్బంధించుట నోరు నొక్కుటయే యనువారు మఱికొందఱు. మేమీ రెండు పక్షముల వాదములను విని, రెంటియందును కొంత నిజమున్నదని తలయూచి యూరకుండజాలక, ఈ యాచారము నడచివచ్చిన త్రోవను కొంత వెదకి చూచితిమి. చూచినకొలది మాకు తోచినదేమనగా, పేరున్నదా లేదా యనునది రెండవ ప్రశ్న. ఆ మాట యెవరిమీద పడుచున్నది, దానివలన తిరిగివచ్చు దెబ్బను కాచుకొనువాడెవడు అనునవి మొదటి ప్రశ్నలు. ఈ చిన్న విషయమును చరిత్రమునుండి యెత్తి చూపుటకే యీ వ్యాసము.

వెనిసు నగరమున ప్రభుభవనపు గోడలయందు సింహముఖములు చెక్కబడియుండెను. వాని నోరు తెఱచియుండును. ఇరుగుపొరుగువారిమీదగాని, ఉద్యోగులమీదగాని ఫిర్యాదు చేయగోరినవాడు కాగితమును మడిచి యా నోటిలో వేసి పోవచ్చును. గోడకావలనున్న పెట్టెలో నది పడును. సంతకము లేని కాగితమును సామాన్యముగా స్వీకరింపరాదనియు, రాజ్యక్షేమమునకు సంబంధించినదైనచో విశేషసమ్మతి పొందిన పిమ్మటనే విచారింపవలయుననియు నచ్చటి దశసభవారు నిబంధనలు చేసికొనిరి. రామన్నకు ద్వారము తెఱచి, వెంటనే దానికి గడియ వేసిన దొరతనమిది యని చెప్పవచ్చును. కాని యా కాగితములు రాజుచెవికే కాని ప్రజలచెవికి పోవు. ఒకని గుట్టు దొరకు చెప్పుటకును, ఒక యభిప్రాయమును లోకము ముందు పెట్టుటకును చాల భేదము కలదు.

ఈ రెండవ పద్ధతి బాగుగా పెరిగినచోటు లండను నగరమునందలి కాఫీశాలలు. అచ్చట మొదటి కాఫీశాలను 1652లో పాస్క్వా రోసే యనునాతడు కారన్‌హిల్లు వీథి ప్రక్కసందులో తెఱచెను. ఒక పెన్నీ యిచ్చినవాడు లోనికి పోయి కాఫీ త్రాగి, బల్లమీది వార్తాపత్రములు చదివి, ప్రక్కనున్నవాడు ప్రభువే యైనను వానితో వాదింపవచ్చును. ఇరువది సంవత్సరములు గడచునప్పటికి ఇట్టి శాలలు పట్టణమంతట వ్యాపించెను. రెండవ చార్లెసు రాజునకు ఇది మింగుడుపడలేదు. ఆ శాలలలో సోమరులు చేరి ప్రభుత్వమును గూర్చి దుష్ప్రచారములు చేయుచున్నారని చెప్పి, 1675 డిసెంబరు 29వ తేదీన, వచ్చు జనవరి 10వ తేదీనుండి కాఫీశాలలన్నియు మూయవలసినదని ప్రకటన వెలువరించెను. ప్రజలలో నలజడి పుట్టెను. గడువునకు రెండు దినములు ముందుగానే, జనవరి 8వ తేదీన, ఆ యాజ్ఞ వెనుకకు తీసికొనబడెను. మన కాఫీహోటళ్లలో ఇచట రాజకీయములు మాటలాడరాదని గోడకు వ్రేలాడుచుండిన పలకలను చూచినవారికి ఆ రాజుగారి కష్టము సులభముగ బోధపడును. పలక వ్రేలాడుచునే యుండును, దాని క్రిందనే మాటలు సాగుచుండును.

ఆ శాలలలో స్త్రీలు యజమానురాండ్రుగ నుండిరి కాని కూర్చుండి వాదించువారు పురుషులే. అందఱికిని తెఱచిన ద్వారమని చరిత్రకారులు మెచ్చుకొనుచున్నప్పుడు ఈ మాటను మన మిండ్లయందుండి చదువువారము మఱవరాదు.

1695లో ముద్రణకు ముందనుమతి పొందవలయునను చట్టము లుప్తమయ్యెను. 1711 మార్చి 1వ తేదీన ఆడిసను, స్టీలు అనువారు ‘స్పెక్టేటరు’ను దినపత్రముగా నారంభించిరి. పాఠకులు వ్రాసి పంపిన లేఖలు దానియందు తఱచుగా నచ్చుపడుచుండెను. వానిలో నెన్ని నిజమైనవి, ఎన్ని సంపాదకులే కల్పించినవి యను సందేహము పండితులకు కలిగినది. కాని పాఠకులు నిజముగానే రాశులుగా వ్రాసిరనుటకు సాక్ష్యమున్నది. అచ్చునకు నోచుకొనక మిగిలిపోయిన యుత్తరములను చార్లెసు లిల్లీ యను వర్తకుడు 1725లో రెండు సంపుటములుగా ప్రకటించెను. 1713లో ‘గార్డియను’ పత్రిక నడుచుచున్నప్పుడు ఆడిసను వెనిసు సింహమును జ్ఞప్తికి తెచ్చుకొని, బటను కాఫీశాలలో నొక సింహపుతలను చేయించి పెట్టించెను. పాఠకులు తమ లేఖలను దాని నోటిలో వేయవచ్చును. అదే సింహము, అదే నోరు. కాని వెనిసులో నందులో పడినది చెవిలో చెప్పిన చాడీ. ఇచ్చట పడినది పదిమంది చదివి నవ్వుకొనునదియు, కాదనునదియు నగు మాట. ఇచ్చట మధ్యను సంపాదకుడను మనుష్యుడొకడు కూర్చుండియున్నాడు. ఏది యచ్చు వేయవలయునో, ఏది పొయ్యిలో వేయవలయునో యాతడు నిర్ణయించును. వేసినదానికి జవాబుదారి యాతడే. ఈ మనుష్యుని చదువరులు గుర్తుంచుకొనవలయునని మా ప్రార్థన. ముందు నాతనితో పనియున్నది.

ముసుగు వేసికొని వ్రాసినవారిలో జూనియసును మించినవాడు లేడు. 1769 జనవరి 21వ తేదీ మొదలుకొని 1772 జనవరి 21వ తేదీవఱకు, సరిగా మూడు సంవత్సరములు, ‘పబ్లికు అడ్వర్టైజరు’ అను లండను పత్రికలో జూనియసను పేర లేఖలు వెలువడెను. ప్రధానమంత్రియైన గ్రాఫ్టను ప్రభువును, ప్రధానన్యాయాధిపతి మాన్సుఫీల్డును, తుదకు 1769 డిసెంబరు 19వ తేదీన సాక్షాత్తు మూడవ జార్జి రాజునే సంబోధించి యాతడు వ్రాసెను. వ్రాసినవాడెవడో యెవరికిని తెలియలేదు. కాని యచ్చువేసినవాడెవడో యెల్లరకు తెలియును. అతని పేరు హెన్రీ సాంప్సను ఉడ్‌ఫాలు. ప్రభుత్వము జూనియసును పట్టుకొనజాలక ఉడ్‌ఫాలును పట్టుకొనెను. 1770 జూను నెలలో విచారణ జరిగెను. లేఖ రాజద్రోహకరమైనదా కాదా యని తేల్చుట తన పనియనియు, అచ్చువేసినది నిజమా కాదా యని చెప్పుటయే జ్యూరీవారి పనియనియు మాన్సుఫీల్డు బోధించెను. జ్యూరీవారు తొమ్మిది గంటలకుపైగా నాలోచించి, ఇతడు అచ్చువేసి ప్రకటించుట యను నేరము మాత్రమే చేసెనని చెప్పిరి. ఆ ‘మాత్రమే’ యనునది ఒక్కమాట. దానితో ప్రభుత్వమువారి యభియోగము కూలిపోయెను. మఱల విచారింపవలయుననిరి. అప్పటికి పత్రిక మూలప్రతిని చూపజాలకపోయిరి. ఉడ్‌ఫాలు బయటపడెను. అదే లేఖ పునర్ముద్రితమైన వేఱొక పత్రికను తన దుకాణమున నమ్మిన ఆల్మను అను పుస్తకవర్తకుడు మాత్రము శిక్షింపబడెను. వ్రాసినవాడును కాడు, అచ్చువేసినవాడును కాడు, అమ్మినవాడు!

మేము జూనియసును చిన్నచూపు చూచుటలేదు. జ్యూరీవారి హక్కును, ముద్రణస్వాతంత్ర్యమును ఇంగ్లండులో నిలువబెట్టిన వాదములలో నాతని లేఖలకు స్థానమున్నది. తన లేఖలవలన రాదగిన లాభమునందు భాగమిచ్చెదనని ఉడ్‌ఫాలు చెప్పినను ఆతడు పుచ్చుకొనలేదు. కాని గ్రాఫ్టను ప్రభువును కొట్టుటకు, ఆయనతో కాపురముండిన యొక స్త్రీని వీథికీడ్చినవాడును ఈతడే. మంత్రి పదవి పోయినను ప్రభుత్వము పోదు, భూములు పోవు. ఆమెకు బదులుచెప్పుటకు పత్రికయు లేదు, పదవియు లేదు. ఒకే కలము, ఒకే ముసుగు. పై వానిమీద ప్రయోగించినప్పుడు ధైర్యమైనది, క్రింది వానిమీద ప్రయోగించినప్పుడు పిఱికితనమైనది. ఆ రెండును ఒకే లేఖలో నుండవచ్చుననుటయే యీ కథలోని చేదు.

జూనియసెవడు? తన రహస్యము తనతోనే నశించునని యాతడు ప్రకటించుకొనెను. పెక్కుమంది పేర్లు చెప్పబడినవి. వారిలో యుద్ధకార్యాలయమున గుమాస్తాగా నుండిన ఫిలిప్పు ఫ్రాన్సిసు అనునాతనిపై చాలమందికి నమ్మకము కుదిరినది. ఆల్వారు ఎల్లెగోర్డు అను స్వీడను దేశపు పండితుడు 1962లో లేఖలలోని మాటల వాడుకను లెక్కించి చూచి ఆ నిర్ణయమునే బలపఱచెను. ఈ ఫ్రాన్సిసు మనకు పరాయివాడు కాడు. వంగరాష్ట్రపు సర్వోన్నతసభలో సభ్యుడుగా 1774 అక్టోబరునందు కలకత్తాలో దిగి, వారను హేస్టింగ్సుతో తగవులాడి, 1780 ఆగష్టు 17వ తేదీన నాతనితో ద్వంద్వయుద్ధము చేసి గాయపడి, ఆ సంవత్సరాంతమున దేశము విడిచిపోయిన ఫ్రాన్సిసు ఇతడే.

ఆ 1780వ సంవత్సరమే, ఆ కలకత్తాలోనే, జనవరి 29వ తేదీన మన దేశమున మొట్టమొదటి వార్తాపత్రిక బయలుదేరెను. జేమ్సు ఆగస్టసు హికీ యను ముద్రాపకుడు దానిని నడపెను. అప్పులపాలై చెఱసాలలోనుండి వచ్చినవాడు, విద్వాంసుడు కాడు. తన పత్రిక అన్ని పక్షములవారికి తెఱచియుండుననియు, ఏ పక్షమునకును లొంగదనియు చెప్పుకొనెను. మాఱుపేర్లతో వచ్చిన లేఖలు దానినిండ నుండెను. కంపెనీవారి యుద్ధములను, కంట్రాక్టులలోని యక్రమములను, హేస్టింగ్సు నిరంకుశత్వమును ఆ లేఖలు విమర్శించెను. ఈ దేశమును పాలించు కంపెనీని బహిరంగముగా ప్రశ్నించిన మొదటి యచ్చుకాగితమది. అయితే ఆ కాగితమందే కలకత్తాలోని తెల్లవారి కన్యలకు ఎగతాళిపేర్లు పెట్టి, ఎవతె యెవనితో నాట్యమాడెనో వ్రాసి వినోదించుటయు జరిగెను. ప్రభుత్వమువారు ముందుగా పత్రికను తపాలలో పోనీయక నిషేధించిరి. 1781లో హేస్టింగ్సును, కీర్నాండరు అను క్రైస్తవ ప్రచారకుడును మాననష్టపు దావాలు వేసిరి. హికీ చెఱసాలకు పోయి, అందుండియే పత్రికను వెలువరించుచుండెను. 1782 మార్చిలో నాతని యచ్చుసామగ్రి పట్టుకొనబడుటతో నది యాగిపోయెను. మాఱుపేర్లతో వ్రాసినవారు తమ యిండ్లలో సుఖముగా నిద్రించిరి. ఇచ్చటను శిక్ష యనుభవించినవాడు ముద్రాపకుడే.

తరువాత నలువది సంవత్సరముల ముచ్చట త్వరగా దాటవచ్చును. 1823లో ఆడము అను తాత్కాలిక గవర్నరుజనరలు అనుమతి లేనిదే పత్రిక నడపరాదని శాసించినప్పుడు, రాజా రామమోహనరాయలు, ద్వారకానాథ ఠాకూరు మొదలుగా ఆర్గురు తమ పేర్లతో సుప్రీముకోర్టువారికి వినతిపత్రము సమర్పించిరి. అది త్రోసివేయబడెను. రాయలవారు తమ పారసీక పత్రికయైన ‘మిరాతుల్ అఖ్బారు’ను ఆ షరతులకు లోబడి నడపజాలక నిలిపివేసిరి. ఈ రాయలవారే 1821లో క్రైస్తవ ప్రచారకులకు ప్రత్యుత్తరముగా వ్రాసినవానిని శివప్రసాదశర్మ యను పేర ప్రకటించిరి. అనగా నొకే మహాపురుషుడు, అవసరమును బట్టి ఒకప్పుడు ముసుగులోనుండియు, ఒకప్పుడు సంతకముతోను మాటలాడెను. పిమ్మట 1835లో చార్లెసు మెట్కాఫు ఆ నిర్బంధములను తొలగించెను. అనుమతి యక్కఱలేదు, కాని ప్రతి పత్రికయందును ముద్రాపకుని పేరును, ముద్రించిన చోటును ఉండవలయును. వ్రాసినవానిపే రడుగలేదు, అచ్చువేసినవానిపే రడిగెను. ఎవడో యొకడు నిలుచుండి యిది నాదని చెప్పవలయుననుట యీ చట్టపు సారము. ఈ మేలు చేసినందుకు డైరెక్టర్లకు మెట్కాఫుమీద కోపము వచ్చెను; మన చెన్నపట్టణపు గవర్నరు పదవి యాతనికి దక్కకుండపోయెను.

ఇంతవఱకు చెప్పినది పురుషుల కథ. మేము నిజముగా చెప్పదలచినది రఖ్మాబాయి కథ.

1885 జూను 26వ తేదీన బొంబాయి ‘టైమ్సు ఆఫ్ ఇండియా’ పత్రికలో బాల్యవివాహమును గూర్చి యొక లేఖ యచ్చుపడెను. క్రింద ‘ఒక హిందూస్త్రీ’ యని మాత్రమే యున్నది. సెప్టెంబరు 19వ తేదీన నిర్బంధవైధవ్యమును గూర్చి మఱియొక లేఖ వచ్చెను. క్రింద అదే చేవ్రాలు. చిన్నతనముననే పెండ్లియైన పిల్ల చదువెట్లు నిలిచిపోవునో, ఆమె బ్రతుకు తన చేతిలోలేక యెట్లుపోవునో యందు వ్రాయబడెను. అంతకు ముందు సంవత్సరమే బెహ్రాంజీ మలబారీగారు ఈ దురాచారములను గూర్చి వ్రాసిన వ్రాతలతో దేశమంతట వాదోపవాదములు చెలరేగియుండెను. వాదించువారందఱును పురుషులు, వివాహమైన బాలిక పక్షమున తాను అనుభవించినది చెప్పగలిగినవా రెవ్వరును లేరు. ఈ లేఖ వ్రాసినది ఇరువదియేండ్ల యువతి. ఆమెకు పదునొకండవయేట దాదాజీ భికాజీ యనువానితో వివాహమయ్యెను. ఆమె తల్లి పునర్వివాహము చేసికొన్న వితంతువు; మాఱుతండ్రియైన డాక్టరు సఖారాం అర్జునుగారి యింటనే యుండి యామె చదువుకొనెను. 1884లో దాదాజీ తన భార్యను తనయింటికి పంపవలయునని దావా వేసెను. ఆమె పోనని చెప్పెను.

అట్టి సమయమున నామె తన పేరు పెట్టి యా లేఖలను వ్రాసియుండవలసినదని చెప్పగల సాహసి మనలో నెవడు? పేరు పెట్టినచో నది యభిప్రాయము కాకపోవును. దావాలో ప్రతివాది మాట యగును. ఆమె తల్లిని, మాఱుతండ్రిని, ఆ యింటి పరువును కులమువారు వీథికీడ్తురు. ముసుగు ధరించుటవలన నామె చెప్పినది వేలకొలది స్త్రీల మాటగా వినబడెను. సెప్టెంబరు 21వ తేదీన, రెండవ లేఖ వచ్చిన రెండు దినములకు, న్యాయమూర్తి పిన్హీ యామె పక్షమున తీర్పు చెప్పెను. దేశములో గగ్గోలు పుట్టెను. హిందూధర్మము మునిగిపోయినదని వ్రాసిన పత్రికలు పెక్కు. తిలకుగారివంటి దేశభక్తులును ఈ విషయమున నామెకు ప్రతికూలులే యైరి. వారందఱును తమ పేర్లతోనే, తమ పత్రికలలోనే వ్రాసిరి. ముసుగు లేనందున వారు ధైర్యవంతులనియు, ముసుగున్నందున నామె పిఱికిదనియు మనము చెప్పుదుమా? వారికి పోవునదేమున్నది? తీర్పెట్లున్నను వారి భోజనము వారికి వేళకు దొరకును.

అప్పీలుమీద వ్యవహారము మఱల విచారణకు వచ్చెను. 1887 మార్చిలో న్యాయమూర్తి ఫారను, నెలలోగా భర్తయింటికి పోవలసినదనియు, పోనిచో నాఱుమాసములు చెఱసాల యనియు తీర్పు చెప్పెను. రఖ్మాబాయి చెఱసాలకే పోయెదనని చెప్పెను. ఆ యేప్రిలు 9వ తేదీన లండను ‘టైమ్సు’ పత్రికలో నామె లేఖ వెలువడెను. ఈసారి తన పేరుతో. ముసుగు తీయుమని యామెను నిర్బంధించినవారు లేరు. తన్ను కాచుటకు ముసుగు పనికివచ్చినంతకాలము దాని నుంచుకొనెను. న్యాయస్థానమే దానిని చించివేసిన పిమ్మట తానే తీసి ప్రక్కన పెట్టెను. 1888లో దాదాజీ రెండువేల రూపాయలు పుచ్చుకొని తన హక్కును వదలుకొనెను. ఆమె ఇంగ్లండునకు పోయి వైద్యవిద్య నభ్యసించి, 1894లో పట్టము పొంది, తిరిగివచ్చి సూరతులోను, రాజకోటలోను చిరకాలము స్త్రీలకు వైద్యము చేసి, 1955లో గతించెను. 1891లో సమ్మతివయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన చట్టము వచ్చుటకు ఈ వ్యవహారము రేపిన చర్చ గొప్ప సాయము చేసెను. పండ్రెండేండ్లు! ఆ రెండేండ్లు పెంచుటకే యింత రభస జరిగినదని తెలిసికొన్నపుడు మన యాడుబిడ్డల తలలమీద చేయివేసి కొంతసేపు మౌనముగా నుండవలసివచ్చును.

మన తెలుగుదేశమున నిట్టి వాదములు వేఱొక దారిని నడచెను. కొక్కొండ వేంకటరత్నముపంతులుగారు 1871లో స్థాపించిన ‘ఆంధ్రభాషాసంజీవని’లో స్త్రీవిద్యకు ప్రతికూలముగ వ్రాయగా, కందుకూరి వీరేశలింగముపంతులుగారు బందరునుండి వెలువడు ‘పురుషార్థప్రదాయిని’లో దానిని ఖండించిరి. పిమ్మట 1874 అక్టోబరులో ‘వివేకవర్ధని’ని తామే స్థాపించిరి. వేంకటరత్నముగారు ప్రతిపక్షమును పరిహసించుటకు ‘హాస్యవర్ధని’ని తీసిరి, వీరేశలింగముగారు ‘హాస్యసంజీవని’ని తీసిరి. ఎదుటివాని పత్రిక పేరులోని సగమును ఒకరొకరు దొంగిలించి తమ పరిహాసపత్రికకు తగిలించుకొనుట గమనింపదగినది. ఎత్తిపొడుపులు లేకపోలేదు, కొన్ని మోటుగానే యుండెను. ఆ వాడికొంత తగ్గియుండిన బాగుండునని మాకును తోచుచుండును. అయినను ఎవరు ఎవరిని కొట్టుచున్నారో యూరందఱికి తెలియును. కొట్టినవాని యిల్లెక్కడనో కూడ తెలియును.

వీరేశలింగముగారి పత్రిక రాజమహేంద్రవరములోని యుద్యోగుల లంచములను, వకీళ్ల కూటలేఖలను బయటపెట్టినప్పుడు, వానికి ఆధారములు చెప్పినవారిలో నెందఱో పేరు చెప్పుకొనజాలని చిన్నవారే యైయుందురు. గుమాస్తా తన పైయధికారిమీద సంతకము పెట్టి వ్రాసి యుద్యోగము నిలుపుకొనగలడా? ఆ చిన్నవాని నోటిమాటను తీసికొని, నిజమేదో విచారించి, తన పత్రికలో తన పూచీమీద నచ్చువేసి, బెదిరింపులును, వ్యాజ్యపు భయమును తన తలమీద వేసికొనువాడు సంపాదకుడు. లండనులోని ఉడ్‌ఫాలు చేసినదానికంటె నిది మిన్న. ఏలయన ఉడ్‌ఫాలు వచ్చినదానిని వచ్చినట్లు అచ్చువేసెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినప్పుడు పోలీసువారి కాపుదల కావలసివచ్చెను. సాయపడినవారిని కులమువారు వెలివేసిరి. అభిప్రాయమును తన పేరుతో చెప్పుటకు ఆ దినములలో చెల్లించిన వెల యది. నీళ్లు తెచ్చువాడు రాడు, వంటబ్రాహ్మణుడు రాడు, పురోహితుడు రాడు. వెల యింత పెద్దదైనప్పుడు, చెల్లింపలేనివాడు తన మాటను చెల్లింపగలవాని ద్వారమున దించి పోయినయెడల వానిని నిందించుటకు మాకు నోరాడదు.

స్త్రీల సంగతి యింకను వేఱు. 1883లో ‘సతీహితబోధిని’ వీరేశలింగముగారి చేతిమీదుగా వెలువడినప్పుడు స్త్రీలకొఱకు పురుషుడే వ్రాయవలసియుండెను. ఫలానావారి కుమార్తెయనియో, ఫలానావారి భార్యయనియో తప్ప బయట పేరు లేనిదానికి సంతకమెక్కడిది? భండారు అచ్చమాంబగారు 1901లో తమ ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ను తమ పేరుతో ప్రకటించినప్పుడు, స్త్రీలు స్వభావముననే తెలివితక్కువవారను మాటకు దేశదేశముల స్త్రీల చరిత్రలను తెచ్చి ముందు పెట్టిరి. ఆ పుస్తకములోని కథలెంత విలువగలవో, అట్టమీది యా పేరును అంత విలువగలదియే యని మా నమ్మకము. అందఱి యిండ్లలోను అట్టి యనుకూలత లేదు. తన పేరు చెప్పకుండ నొక లేఖ వ్రాసి పంపిన యిల్లాలిని మనము ఆకాశరామన్న యని వెక్కిరించుటకు ముందు, ఆ లేఖ యెవరిని గాయపఱచుచున్నదో యొకసారి చూడవలయును. పొరుగింటి పిల్ల పెండ్లిని చెఱచు రామన్నకును, తన యింటి చీకటిని చెప్పుకొను నీమెకును ముసుగొకటియే కావచ్చును, పని యొకటి కాదు.

నైజాము రాజ్యమునందలి తెలుగువారికి మఱియొక విధమగు కష్టముండెను. సభ చేయవలెనన్నను ముందుగా నధికారుల యనుమతి కావలసియుండిన యా రోజులలో, 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుండి ‘గోలకొండ’ పత్రికను నడపసాగిరి. తెలంగాణమున కవులు లేరను నభిప్రాయ మొకరు వెలిబుచ్చిరి. ఇది రాజద్రోహము కాదు, ఒక మనుష్యుని పరువు తీసినదియు కాదు. కాని యొక ప్రాంతమంతటి మనసును నొప్పించినది. దీనికి బదులుగా ఎత్తిపొడుపుమాటలతో లేఖలు వ్రాయించుట కష్టమా? మాఱుపేర్లతో వారమునకు పది వచ్చియుండును. ప్రతాపరెడ్డిగారు ఆ త్రోవ త్రొక్కలేదు. కవులారా, మీ పద్యములు పంపుడని పల్లెపల్లెకు కబురు చేసిరి. గద్వాల, వనపర్తి వంటి సంస్థానముల నాశ్రయించిన పండితులనుండియు, ఎవరును పేరెఱుగని చిన్నగ్రామములలోని పంతుళ్లనుండియు పద్యములు వచ్చెను. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడెను. అందులో 354గురు కవులున్నారు. వారిలో మహాకవులెందఱు, మామూలు కవులెందఱు అను విచారణ సాహిత్యవిమర్శకులకు వదలుదము. ఆ 354గురును పద్యముతోబాటు తమ పేరును, ఊరును చెప్పుకొని వచ్చినవారే.